పొగమంచులో పొగబండి

"తొమ్మిదింటి బండి పదకొండుకైనా వస్తుందా అని అడుగుతున్నారు మావారు," అందామె స్టేషన్ మాస్టర్‌తో.

స్టేషన్ మాస్టర్ ఆమె వెనక బెంచీ వైపు చూశాడు. అక్కడ శాలువా కప్పుకుని కూర్చున్న మనిషి పట్టాల కేసి చూస్తున్నాడు తప్ప, ఏదో అడిగినవాడిలా లేడు.

"మంచు విడవాలి కదమ్మా. సిగ్నలు కనబడక బండిని వంతెన అవతలే ఆపేశారు," అంటూ ఆయన బోర్డు మీది 10.30ని చేత్తో తుడిచేసి, సుద్దతో 11.30 అని రాశాడు.

ఆ దీవికంతా ఉన్నది ఒకటే రైలు. పాతకాలపు బొగ్గింజను, నాలుగు పెట్టెలు. కొండను చుట్టి, సముద్రం అంచునే పోయి, అవతలి కొస చూపించి తీసుకొస్తుంది. దాన్ని ఎక్కడానికే జనం లాంచీలో వస్తారు. ఇవాళ మంచుకి ఎదుటి మనిషి మొహమే ఆనడం లేదు. విసుగెత్తి సగం మంది బసకి వెళ్లిపోయారు.

ఆమె వచ్చి భర్త పక్కన కూర్చుంది. శాలువా సర్దింది.

"మనమూ వెళ్లిపోదామంటారా? రేప్పొద్దున్నే తిరుగు లాంచీ, మళ్లీ కుదరదు మరి. వద్దా? సరే, కూర్చుందాం. టీ తాగుతారా? ఇప్పుడే తాగారుగా, ఇంకాసేపాగి తాగండి."

అదే బెంచీ చివర గడియారాల షాపు నడిపే ఒకాయన కూర్చున్నాడు. ఒంటరిగా సెలవుకొచ్చినవాడు. ఐదు నిమిషాలకోసారి చేతివాచీ చూసుకుంటున్నాడు. ఆమె మాటలు వింటూ వింటూ ఇక ఉండబట్టలేక నవ్వేశాడు.

"ఏమనుకోకండమ్మా. ప్రశ్నా మీదే, జవాబూ మీదేనా? పాపం ఆయనకొక్క మాటైనా మిగల్చండి."

"నాకు ఇద్దరి కోటా ఉందండీ," అని ఆమె కూడా నవ్వింది. "మావారు ముప్ఫై రెండేళ్లు బస్సు కండక్టరు. రైలంటే చిన్నచూపు. చెయ్యెత్తితే ఆగని బండి కూడా ఒక బండేనా అనేవారు. నేను పోరగా పోరగా పోయినేడు ఒప్పుకున్నారు. టిక్కెట్లు కూడా కొన్నాం. కుదరలేదు. ఈసారి ఎక్కించకుండా వదలను."

భర్త ఆమె వైపు చూసి చిన్నగా తలాడించాడు.

'నోట్లో నాలుక లేని మనిషి. ఉన్నా, ఆవిడ నోరు తెరవనిస్తే కదా!' అనుకున్నాడు షాపాయన.

పన్నెండుకి పది నిమిషాలుందనగా మంచులోంచి కూత వినబడింది. ముందు వాసన వచ్చింది, తర్వాత ఆవిరి వచ్చింది, ఆ వెనక ఎక్కడో ఇంజను వచ్చింది. బెంచీల మీద వాళ్లంతా ఒక్కసారి లేచారు.

"ఇంజను పక్క పెట్టెలోనే ఎక్కుదాం. నెమ్మదిగా... కడ్డీ పట్టుకోండి. నేను వెనకే ఉన్నాగా," అంటూ ఆమె ముందు భర్తను ఎక్కించింది. షాపాయన పైనుంచి చెయ్యి అందించాడు. అప్పుడు చూసుకుంటే చేతిసంచి బెంచీ మీదే ఉండిపోయింది.

"ఒక్క నిమిషం!" అని ఆమె గబగబా వెనక్కి వెళ్లింది.

గార్డు చివరి పెట్టెలో ఉన్నాడు. మంచులో అతనికి ఖాళీ ప్లాట్‌ఫామే కనిపించింది. ఈల ఊదాడు. అది విని స్టేషన్ మాస్టర్ కూడా పచ్చజెండా ఊపేశాడు. ఇంజను ఒక్క కుదుపు కుదిపింది.

ఆమె పరుగున వచ్చి కడ్డీ పట్టుకుంది. తడి మెట్టు మీద కాలు జారింది. మోకాలు మెట్టుకి కొట్టుకుంది, ఒక కాలు ప్లాట్‌ఫాంకీ పెట్టెకీ నడుమ సందులోకి దిగిపోయింది. చక్రాలు కదులుతున్నాయి. షాపాయన వంగాడు కానీ అతని చేతికి సంచే చిక్కింది, మనిషి చిక్కలేదు.

"హోల్డాన్!"

ఆ కేకకి పెట్టె అద్దాలు అదిరాయి. ఇంజనులో డ్రైవరు వెనకా ముందూ చూసుకోకుండా బ్రేకు వేశాడు. బండి బుస్సుమని రెండడుగుల్లో నిలబడిపోయింది.

షాపాయన, స్టేషన్ మాస్టరు కలిసి ఆమెని పైకి లాగారు. గార్డు మంచులోంచి రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరండీ అరిచింది? ఇరవయ్యేళ్ల సర్వీసులో నా ఈల కూడా అంత గట్టిగా మోగలేదు!"

తలుపు దగ్గర ఆమె భర్త నిలబడి ఉన్నాడు. ఆయన పెదాలు ఇంకా వణుకుతున్నాయి.

"దెబ్బ తగిలిందామ్మా?" అన్నాడు షాపాయన.

ఆమె వినిపించుకోలేదు. మోకాలు చెక్కుకుపోయి నెత్తురొస్తోంది, అదీ చూసుకోలేదు. ఏడుస్తూ నవ్వుతూ భర్త మొహాన్నే చూస్తోంది.

"ఏమన్నారు? మళ్లీ అనండి."

"హోల్డాన్," అన్నాడాయన.

"ఇంకోసారి."

ఆయన ఆమెని లోపల కూర్చోబెట్టాడు. తలుపు వేశాడు. పెట్టె చెక్క మీద అరచేత్తో రెండుసార్లు చరిచి, నోరారా అన్నాడు.

"రైట్! రైట్!"

పెట్టెంతా చప్పట్లు కొట్టింది. గార్డు నవ్వుతూ వెళ్లి జెండా ఊపాడు. డ్రైవరు పొడుగ్గా కూత వేశాడు.

కొండ మలుపులో మంచు చీలి సముద్రం ఒక్కసారిగా బయటపడింది. అందరూ కిటికీల మీద పడ్డారు. ఆమె మాత్రం భర్త చెయ్యి పట్టుకుని, పెదవి విప్పకుండా కూర్చుంది. ఆయన కిటికీలోంచి ఎదురొచ్చిన ప్రతి మలుపుకీ "రైట్... రైట్..." అంటున్నాడు.

షాపాయనకి కంగారు పుట్టింది.

"ఏమ్మా, భయపడ్డారా? పొద్దుట్నుంచీ గలగలా మాట్లాడినవారు ఒక్కసారిగా మూగనోము పట్టారేం?"

ఆమె కళ్లు తుడుచుకుంది.

"మాట పడిపోయి పదమూడు నెలలైందండీ ఆయనకి."