అడగని ప్రశ్న

“అక్కడ కూర్చోకు తమ్ముడూ, ఆ ఫ్యాను తిరగదు. ఇటు రా.”

బెంచీ చివర కూర్చున్న పెద్దమనిషి చెయ్యి ఊపుతూ పిలిచాడు.

ఇంటర్వ్యూకి వచ్చిన స్టోర్ కీపర్ ఆగి చూశాడు. ముక్కూ మొహం తెలియని మనిషి అడక్కుండానే వరస కలిపేశాడు. పైగా ఈ ఆఫీసులో ఏ ఫ్యాను తిరుగుతుందో, ఏది తిరగదో కూడా తెలుసు!

అనుమానం పుట్టడానికి అతనికి ఇంతకన్నా ఏం కావాలి? పని చేసే గోడౌన్‌లో అందరూ అతన్ని డిటెక్టివ్ అనే పిలుస్తారు. కూరగాయలవాడి తక్కెడను వంగి చూస్తాడు. హోటల్ బిల్లును మళ్లీ తను కూడుకుంటాడు. “అద్దంలో తన మొహాన్నైనా రెండోసారి చూస్తే గానీ నమ్మరు” అంటుంది భార్య.

అయినా చెమట కారిపోతోంది కాబట్టి వెళ్లి కూర్చున్నాడు, మధ్యలో తన ఫైలు అడ్డం పెట్టుకుని.

“స్టోర్ ఇన్‌చార్జి పోస్టుకేనా?” పెద్దమనిషి గొంతు తగ్గించి అడిగాడు.

“మీకెవరు చెప్పారు?”

“ఇంకే పోస్టూ ఖాళీ లేదులే. జీతం ఎంతిస్తామన్నారు?”

అప్పుడే కూపీ లాగడం మొదలెట్టాడు అనుకున్నాడు డిటెక్టివ్.

“ఇంకా మాట్లాడలేదండీ.”

అది అబద్ధం. ఇప్పుడొస్తున్న దానికి రెట్టింపు ఇస్తామని ఫోన్లోనే చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి భార్య అద్దె ఇల్లు వదిలి సొంత ఫ్లాటు కొనే ఊహల్లోనే ఉంది.

“ఇప్పుడున్న చోట జీతం సరిగ్గా ఇస్తున్నారా?”

“ఒకటో తారీఖున పడిపోతుంది.”

“మరైతే తొందరపడి వదులుకోకు.”

అదీ సంగతి! ఈయనా ఈ పోస్టుకే వచ్చాడన్నమాట. చేతిలో ఫైలు లేదు, సర్టిఫికెట్లు లేవు. గట్టి సిఫార్సే ఉండుండాలి.

అంతలో అకౌంట్స్ మేడమ్ తలుపు తీసి బయటికి చూసింది. పెద్దమనిషికి ‘ఇంకాసేపు ఆగండి’ అన్నట్టు కళ్లతోనే సైగ చేసి లోపలికెళ్లింది. డిటెక్టివ్ అనుమానం కాస్తా నమ్మకమైపోయింది.

“ఒక్క మాట చెప్తా, విను” అన్నాడు పెద్దమనిషి. “లోపల జీతం సంగతి తర్వాత. ముందు, పోయిన ఏడాది జీతాల్లో కట్ చేసిన పన్ను ప్రభుత్వానికి కట్టారా, రసీదులు చూపిస్తారా అని అడుగు.”

“అలా అడిగితే ఉద్యోగం ఎవరిస్తారండీ?”

“ఇవ్వకపోతే నీ అదృష్టం.”

ఆ మాట అనేసి, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు పెద్దమనిషి.

నోటి దగ్గరి కూడు నా చేతే తన్నించాలని చూస్తున్నాడు, నా దగ్గరా ఈ వేషాలు అనుకున్నాడు డిటెక్టివ్. పిలుపు రాగానే ఫైలు తీసుకుని లేచాడు.

ఇంటర్వ్యూ సాఫీగా సాగింది. చివర్లో మేనేజరు అడిగాడు.

“మీరేమైనా అడగాలనుకుంటున్నారా?”

“అడగడానికేం లేదు సార్, చెప్పడానికే ఉంది. బయట బెంచీ మీద ఒకాయన కూర్చుని మీ కంపెనీ మీద లేనిపోనివన్నీ నూరిపోస్తున్నాడు. పన్ను కట్టరట, ఇక్కడ చేరొద్దట.”

మేనేజరు మొహం ఒక్కసారిగా మాడిపోయింది. బెల్లు కొట్టి వాచ్‌మన్‌ని పిలిచి, చెవిలో ఏదో చెప్పి పంపాడు. తర్వాత నవ్వుతూ చెయ్యి చాచాడు.

“మాకు కావాల్సింది ఇలాంటి విశ్వాసమేనండీ. ఒకటో తారీఖున వచ్చి చేరండి.”

డిటెక్టివ్ బయటికొచ్చేసరికి వాచ్‌మన్ పెద్దమనిషి రెక్క పట్టుకుని మెట్లు దింపుతున్నాడు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

“అడిగావా తమ్ముడూ?”

డిటెక్టివ్ మొహం తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం జరిగిందంతా చెబితే భార్య పడీ పడీ నవ్వింది.

“మీ అనుమానం ఇన్నాళ్లకి మనకి అన్నం పెట్టిందండీ!”

మర్నాడే గోడౌన్‌లో రాజీనామా ఇచ్చేశాడు. ఫ్లాటుకి అడ్వాన్సు కట్టేశారు.

కొత్త చోట జీతం మొదట్లో బాగానే వచ్చింది. తర్వాత నెల మధ్యకి జరిగింది, ఆ తర్వాత నెలాఖరుకి, చివరికి ‘వచ్చే వారం’కి జరిగి అక్కడే ఉండిపోయింది. పే స్లిప్పు మాత్రం ఠంచనుగా వచ్చేది, పన్ను కట్ చేసినట్టు చూపిస్తూ.

ఒకరోజు పన్ను ఆఫీసు కౌంటర్లో గుమాస్తా తల అడ్డంగా ఊపాడు.

“మీ కంపెనీ మీ పేరున దమ్మిడీ కట్టలేదండీ.”

ఆ క్షణం డిటెక్టివ్‌కి గుర్తొచ్చింది ఫ్లాటు కాదు, అడ్వాన్సు కాదు. మెట్ల మీంచి వెనక్కి తిరిగిన ఆ మొహం.

ఉద్యోగం మానేశాడు. గోడౌన్‌లో అతని చోట అప్పటికే ఇంకెవరినో పెట్టుకున్నారు. బకాయి జీతం కోసం రోజూ వచ్చి అదే బెంచీ మీద కూర్చుంటున్నాడు, ఫ్యాను తిరిగే వైపున.

ఓ మధ్యాహ్నం అకౌంట్స్ మేడమ్ అటుగా వెళ్తుంటే ఆపాడు.

“మేడమ్, నా ఇంటర్వ్యూ రోజు ఇక్కడ ఒకాయన కూర్చున్నాడు గుర్తుందా? నాతో పాటు ఈ ఉద్యోగానికే వచ్చినాయన. ఎక్కడుంటాడో చెబుతారా? ఆయన మంచి మాటే చెప్పాడు, నేనే తప్పుగా అనుకున్నాను.”

ఆమె చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

“ఆయన ఉద్యోగానికి రాలేదు సార్. మీకు ముందు స్టోర్ ఇన్‌చార్జి ఆయనే. కంపెనీ గురించి బయట నోరు విప్పకూడదన్న షరతు మీద బకాయి మొత్తం ఇవ్వడానికి కంపెనీ వాళ్లు ఒప్పుకున్నారు, ఆ చెక్కు కోసమే ఆయన ఆ రోజు కూర్చున్నారు. సంతకమైన చెక్కు అప్పటికే నా చేతిలో ఉంది, మీ ఇంటర్వ్యూ అవగానే మేనేజరు గారికి చెప్పి ఇచ్చేద్దామనుకున్నా. ఈలోగా మీరు లోపలికెళ్లి చెప్పారు, మేనేజరు గారు దాన్ని నా ముందే చించేశారు.”