మూడో సంతకం

బల్ల మీద మనిషి ఊపిరి కోసం తన్నుకుంటున్నాడు. మందు నాలుగడుగుల దూరంలో బీరువాలో ఉంది. బీరువాకు తాళం ఉంది. తాళంచెవి కాలనీ ప్రెసిడెంటు రామబ్రహ్మం గారి జంధ్యానికి ఉంది.

"ఎవరు ఎల్లమ్మా ఈయన?" అంది నర్సు హర్షిణి.

"నాకేమెరుక బిడ్డా! గుట్ట కాడ బండలు పేల్చిన్రు. తేనెటీగలు లేసినయి. అంగి ఇడిసి పారేసి ఉరుకుతుండె. నా గొంగడి కప్పి ఎత్తుకొచ్చిన," అంది రాళ్లు కొట్టే ఎల్లమ్మ. ఆమె చేతులూ వాచాయి.

అతని మొహం గుమ్మడికాయంత అయింది. కళ్లు పూడిపోయాయి. కన్నతల్లి వచ్చినా గుర్తుపట్టదు.

డాక్టరు ఫోనులో ఒకటే మాట చెప్పాడు. "ఇంజెక్షను వెంటనే వెయ్యి. పావుగంట దాటితే ఇక నన్ను అడక్కు."

రాయదుర్గం రాళ్ల మధ్య ఆ కాలనీ ఒక ద్వీపం. చుట్టూ సముద్రం బదులు గుట్టలు. మునిసిపాలిటీ నీళ్లు రావు, ఆర్టీసీ బస్సు రాదు. అందుకని కాలనీవాళ్లే ఒక ప్రభుత్వం పెట్టుకున్నారు. సొంత ట్యాంకు, సొంత గేటు, సొంత ఎన్నికలు, సొంత ఆస్పత్రి. డాక్టరు సోమ, గురువారాల్లో వస్తాడు. ఇవాళ ఆదివారం. జబ్బులకు ఆ సర్క్యులర్ అందినట్టు లేదు.

పోయినేడు హర్షిణి ఒక తాపీ కూలీ బొటనవేలికి టించరు రాసింది. దాని మీద అత్యవసర సమావేశం జరిగింది. అప్పటినుంచి సభ్యులకైతే కార్డు చూపిస్తే మందు. బయటివాళ్లకైతే కార్యవర్గంలో ముగ్గురి సంతకాలు.

హర్షిణి పరుగెత్తింది.

రామబ్రహ్మం గారు ఇడ్లీ తింటున్నారు. "కార్డుందా?"

"బనీను మీదున్నడు సార్, కార్డెక్కడిది?"

"అయితే బయటివాడే. ముందు కార్యదర్శిదీ, కోశాధికారిదీ సంతకాలు పట్రామ్మా. ఆఖర్న నేను చేసి తాళంచెవి ఇస్తాను. ప్రెసిడెంటునే రూలు తప్పమంటే ఎలా?"

కార్యదర్శి ఉదయ్ భాస్కర్ కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండానే సంతకం గీకాడు. "ప్రొసీజర్ ఫాలో అవుతున్నందుకు థాంక్స్," అన్నాడు.

మూడోది కోశాధికారి సోమేశ్వరరావుది. అసలు ఆ రూలు రాసిన చెయ్యే ఆయనది. తలుపు భార్య పుణ్యవతి తీసింది.

"ఆయన లేరమ్మా, వాకింగుకి వెళ్లారు. ఉన్నా చెయ్యరు. ఇవాళ ఒకడికి సూదేస్తే రేపు బోరబండ బస్తీ అంతా మన గేటు ముందుంటుందంటారు."

"మాది బోరబండనే అమ్మా. ఆడ మనిషి సస్తున్నడు."

"అయ్యో పాపం," అంది పుణ్యవతి. నిజంగానే జాలిపడి, తలుపేసుకుంది.

ఎవరికమ్మా అని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు.

హర్షిణికి ఒళ్లు మండిపోయింది. మూడిళ్ల మెట్లు, తొమ్మిది నిమిషాలు, ఒక్క సంతకం! తిరిగొచ్చేసరికి అతని పెదాలు నల్లబడుతున్నాయి. కాగితాన్ని ఉండచుట్టి గోడకేసి కొట్టింది.

"ఎల్లమ్మా, నీ సుత్తె ఏది?"

"నౌకరీ పోతది బిడ్డా."

"పోనీ. ఈ దిక్కుమాలిన నౌకరీ నువ్వే పగలగొట్టు."

ముప్పయ్యేళ్లుగా బండలు పగలగొట్టిన చెయ్యి అది. తాళానికి ఒక్క దెబ్బే ఎక్కువైంది.

సూది దిగింది. ఎల్లమ్మ వాచిన చేత్తోనే కొంగు విసురుతూ కూర్చుంది. కాసేపటికి అతని గొంతులో ఈల తగ్గింది. పెదాలకు రంగు తిరిగింది. ఒక కన్ను సన్నని చీలికలా తెరుచుకుంది. ఆ కన్ను నేల మీది తాళాన్ని చూసింది. ఎల్లమ్మ ఒళ్లోని సుత్తెను చూసింది. బార్లా తెరిచిన బీరువాను చూసింది.

"మాట్లాడకండి. జర పండుకోండ్రి," అంది హర్షిణి, కళ్లు తుడుచుకుంటూ.

ఆయన వినలేదు. బల్ల అంచు పట్టుకుని తల ఎత్తాడు.

"నా సంతకం లేకుండా ఆ బీరువా ఎవరు తెరిచారు?"