ముందు సైలెన్సర్

“ముందు డౌన్‌పైపు మార్పిస్తాను,” అన్నాడు కొడుకు.

“ముందు సైలెన్సర్ మార్పించు,” అంది తల్లి, బీన్స్ ఈనెలు తీస్తూ.

తన కారు విషయంలో తల్లికి ఒక అభిప్రాయం ఉంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు. వచ్చే ఆదివారం బావమరిదితో పోటీగా కొండ రోడ్డు ఎక్కాలి. పోయినసారి ఆ బావమరిది ముందే పైకి చేరి, ఒక టీ తాగి, రెండో టీ చెప్పి కూర్చున్నాడు. ఈసారైనా పరువు దక్కించుకోవాలి. ఆదివారంలోగా ఒక్క పని మాత్రమే చేయగలనని మెకానిక్ చెప్పేశాడు.

అంచేత తల్లికి ఓపిగ్గా బోధించాడు. టీపాయ్ మీద బీన్స్ కాయలతోనే ఇంజను, టర్బో పేర్చి చూపించాడు. ఇంజను వదిలే పొగే టర్బోను తిప్పుతుంది. టర్బో దాటగానే ఆ పొగ దిగే గొట్టం డౌన్‌పైపు. అది ఇరుగ్గా ఉంటే కారుకి ఊపిరాడదు, వెడల్పు చేస్తే లాగుడు పెరుగుతుంది. సైలెన్సర్ ఎక్కడో తోక దగ్గరుంటుంది. దాన్ని మారిస్తే చప్పుడు తప్ప ఒరిగేదేమీ లేదు.

“ఆ చప్పుడే కావాలిరా. నిన్న పిల్లిలా వచ్చి గుమ్మంలో నిలబడ్డావు. నా గుండె ఆగినంత పనైంది,” అంది తల్లి, టర్బోను తుంచి గిన్నెలో వేస్తూ.

అతను భార్య వైపు తిరిగాడు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కర్టెన్ల రంగు దాకా ఆవిడ అత్తగారితో ఏకీభవించడం పెళ్ళయ్యాక అతను చూసి ఎరగడు.

“అత్తయ్య చెప్పిందే నాకూ నయమనిపిస్తోందండీ. టర్బో కారని పేరే గానీ, మన మిక్సీకున్న గొంతు దానికి లేదు. ఎదురింటావిడ అది బ్యాటరీ కారనుకుంటోంది,” అందావిడ.

అతను మెకానిక్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. మెకానిక్ కూడా డౌన్‌పైపే ముందన్నాడు. తల్లి ఫోన్ దగ్గరికి జరిగి, ఆ సైలెన్సర్ పెడితే వీధి మలుపు దగ్గర్నుంచి ఇంట్లోకి వినిపిస్తుందా అని ఆరా తీసింది. మలుపేమిటమ్మా, అవతలి వీధి నుంచే వినిపిస్తుందన్నాడు మెకానిక్. ఆ తర్వాత అత్తాకోడళ్ళిద్దరూ ఇక వాదించలేదు. అవసరం కూడా లేకపోయింది. బ్యాటరీ కారన్న మాట అప్పటికే తగలాల్సిన చోట తగిలింది.

మర్నాడు కారు గ్యారేజీకి తీసుకెళ్తుంటే గేటు స్తంభం మీద కొత్త గీత కనిపించింది. భార్య స్కూటర్ రంగే. అడిగితే, కూరల సంచి బరువుకి హ్యాండిల్ పక్కకి లాగేసిందంది ఆవిడ.

“రోజూ నడిపే నువ్వే ఇలా గుద్దితే ఎలా? మొన్న అమ్మ కూడా నేర్చుకుంటానంది, ఆ మోకాళ్ళతో. నేను వద్దన్నాను కాబట్టి బతికిపోయాం.”

నిజమేనంది భార్య.

ఆదివారం కొండ రోడ్డు మీద కారు ఉరిమింది. ఉరుముతూనే, ఎప్పటిలాగే ఎక్కింది. పైన బావమరిది రెండో టీలో ఉన్నాడు. “నువ్వు ఎంతవరకు వచ్చావో అన్న బెంగ లేకుండా పోయింది బావా. కింద నుంచీ వినిపిస్తూనే ఉన్నావు,” అన్నాడు.

సోమవారం ఆఫీసులో పని మీద మనసు నిలవక అతను మధ్యాహ్నానికే ఇంటిదారి పట్టాడు.

అవతలి వీధిలో ఉరుము వినిపించింది. ఇంటి ముందు రోడ్డు మీద తల్లి తొణక్కుండా బ్రేకు వేసి, కాలు కింద ఆనించి, హెల్మెట్ తీసి కోడలి చేతికిచ్చింది.

“స్కూటర్ లోపల పెట్టెయ్ అమ్మాయ్, తొందరేం లేదు. రేపు పెద్ద రోడ్డెక్కుదాం.”