ముళ్లకొమ్మ పక్క సీటు

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు గ్రేటౌన్ స్టాండు నుంచి వ్యాను కదిలింది. అది తుగేలా నది దాటేలోపు ముజి జోండి చర్చిలో ప్రసంగీకుడి పని పోగొట్టుకున్నాడు.

అతను వెనక వరసలో కూర్చున్నాడు. చేతిలో ముళ్లకొమ్మ. పక్క సీటు ఖాళీ. దానికీ అతనే చార్జీ ఇచ్చాడు.

ముందు వరసలో మాసితోలే ఉంది. చర్చి మహిళా సంఘం పెద్ద. వెనక్కి తిరిగి కొమ్మను చూసింది.

"ఏంటిది ముజీ? పోయినాదివారమేగా వేదికెక్కి మాకు బోధించావు? ఇప్పుడు ఆత్మని వ్యానెక్కించావా?"

ముజి కొమ్మను దగ్గరికి తీసుకున్నాడు.

"ఎవర్ని తీసుకెళ్తున్నావు? గనిలో పోయిన మీ తమ్ముణ్ణా?"

కోడిని ఒళ్లో పెట్టుకున్న ముసలాయన అడ్డొచ్చాడు. "అతన్ని కదిలించకమ్మా. కొమ్మ పట్టుకున్నాక పోయినవాళ్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు. మాట్లాడితే కొమ్మ పట్టుకుని ఇంటికొస్తున్న ప్రాణం దారిలోనే దిగిపోతుంది. ఇక ఇల్లు చేరదు."

"మా చర్చిలో ఆ కొమ్మ పట్టుకున్నవాణ్ణి ప్రభువు బల్ల దగ్గరికి కూడా రానివ్వరు తాతా. అంతేగా అయ్యగారూ?"

పాస్టర్ ఇలియాస్ జోండి తలుపు దగ్గర ఖాళీ బీరు సీసాల పెట్టె మీద కూర్చున్నాడు. కారు మెకానిక్ దగ్గర ఉందని ఎక్కేటప్పుడే చెప్పాడు. ముజి పక్కనున్న ఖాళీ సీటు ఇప్పిస్తానని డ్రైవరు అంటే వద్దన్నాడు.

"చూడండి," అంది మాసితోలే. "అయ్యగారేమో బీరు పెట్టె మీద, దెయ్యమేమో మెత్తటి సీటు మీద."

వ్యానులో నవ్వులు. పాస్టర్ నవ్వలేదు.

"ఇద్దరిదీ ఒకే వంశం. మీరలా, ఇతనిలా. కొమ్మ కిటికీలోంచి పారెయ్యమనండి అయ్యగారూ."

"అతను పారెయ్యడు," అన్నాడు పాస్టర్.

"అయితే రేపు చర్చిలో ఆడవాళ్లు అడిగితే ఏం చెప్పను? ముజి తమ్ముడి వరస కదా, అయ్యగారు చూసీ చూడనట్టు వదిలేశారని చెప్పనా?"

అందరూ పాస్టర్ వైపు చూశారు. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. వ్యాను లోయలోకి దిగుతోంది.

"ముజీ, రేపట్నుంచి నువ్వు ప్రసంగం చెప్పొద్దు. చర్చి ఆవరణలో ఇల్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యి."

ఆ ఇంట్లో ముజి భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నారు.

ముజి నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. ముళ్లు అరచేతిలో దిగాయి. రక్తం కొమ్మ వెంట జారి చొక్కా చేతికి అంటింది.

వంతెన మీదికి రాగానే తల వంచి కొమ్మతో అన్నాడు. "తుగేలా దాటుతున్నాం. భయపడకు."

"దాంతో అయితే మాటలొస్తాయి," అంది మాసితోలే. సంత దగ్గర ఆమె దిగిపోయింది. ముసలాయన కూడా కోడితో దిగాడు.

ఆఖరి స్టాపు చర్చి మలుపు. పాస్టర్ ముందు దిగాడు. వెనక్కి చూడకుండా నడిచి తన బంగళా గేటు తీశాడు. దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

ముజి తన ఇంటి వైపు తిరగలేదు. ఆ గేటు ముందు ఆగి, కొమ్మను రెండు చేతులతో ఎత్తాడు.

"వచ్చేశాం బాబూ, గేటు తీసి పట్టుకున్నది మీ నాన్నే," అన్నాడు.