ఆకాశరామన్న ఉత్తరం

గోడకు బిగించిన ఇనప్పెట్టెను తాతయ్య పొద్దుటినుంచి నాలుగోసారి గుంజి చూశాడు. పెట్టె కదల్లేదు. గోడ సున్నం మాత్రం కాస్త రాలింది.

"ఇంకోసారి లాగారంటే గోడే చేతికొస్తుంది," అంది నాయనమ్మ, చీపురు అందుకుంటూ.

తాతయ్య బ్యాంకులో గన్‌మన్. తుపాకి సొంతం, దాని లైసెన్సు ఆయన పేరు మీదే. ఆ రెండూ ఉన్నన్నాళ్ళే ఉద్యోగం. మొన్న స్టేషన్ నుంచి కాగితం వచ్చింది. ఇంట్లో తుపాకి పిల్లలకు అందేచోట ఉంటోందని ఫిర్యాదు అందిందట. భద్రంగా దాచడం చట్టప్రకారం లైసెన్సు ఉన్నవారి బాధ్యతట. శనివారం తనిఖీకి వస్తారట, తేడా కనిపిస్తే లైసెన్సు రద్దట.

ఫిర్యాదు అబద్ధమేమీ కాదు. పదకొండేళ్ళుగా ఆ తుపాకి పాత దుప్పటి చుట్టుకుని తాతయ్య మంచం కిందే పడుకుంటోంది. కాగితం చదివిన గంటలోపే ఆయన వెల్డింగ్ షాపుకు పరుగెత్తాడు. పెట్టె వచ్చింది, గోడెక్కింది. అయినా మనసులో ముల్లు పోలేదు.

ఆ ఆకాశరామన్న ఎవడు?

"ఎదురింటి టైలరే," అన్నాడు. "కర్టెన్లకు కొలతలు తీస్తానని వచ్చి టేపు మంచం కిందికి జార్చుకున్నాడు చూడు, అప్పుడే చూసుంటాడు. రేడియో తగ్గించమన్నానని కక్ష."

"ఆయనకి సూది బెజ్జమే కనపడదు. మంచం కింద తుపాకేం కనపడుతుంది?"

"కక్ష ఉంటే అన్నీ కనపడతాయి."

పదింటికి ఎస్సై వచ్చింది. చిన్న వయసు, చేతిలో లావుపాటి ఫైలు. కుర్చీలో కూర్చుని కాగితాలు బయటికి తీయగానే ఫ్యాను గాలికి అవి రెపరెపలాడాయి. మూడో తరగతి చదివే మనవరాలు రెండు చేతులతో గ్లాసు పట్టుకొచ్చి మంచినీళ్ళిచ్చింది. ఎస్సై సగం తాగి, గ్లాసును కాగితాల మీద బరువుగా పెట్టింది.

"నిన్నెక్కడో చూశానే?"

"మా బడికి వచ్చారు కదండీ. రోడ్డు ఎలా దాటాలో చెప్పారు."

"అదొక్కటేనా చెప్పింది?"

"ఇంకా చాలా చెప్పారు," అంటూనే పిల్ల మంచం దగ్గరికి ఉరికింది. మంచం కిందికి దూరబోతున్న తమ్ముణ్ణి కాళ్ళు పట్టుకుని బయటికి లాగింది. వాడు అదేదో ఆటనుకుని కిలకిలా నవ్వాడు.

"పది రోజులుగా ఇదే వరస," అంది నాయనమ్మ. "దీనికి వీడి కాపలాతోనే సరిపోతోంది."

ఎస్సై పెట్టెను తట్టి చూసింది. మరలు చూసింది. తాళం లాగి చూసింది. తాతయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"తాళంచెవి ఎక్కడండీ?"

"ఎవ్వరికీ అందని చోటుందమ్మా."

"గడియారం మీద," అంది మనవరాలు. "కుర్చీ మీద స్టూలు వేస్తే అందుతుంది. నేను ఎక్కలేదు. కింద నించుని చూసుకున్నానంతే."

తాతయ్య ఛాతీ యథాస్థానానికి వచ్చింది. సొంత మనవరాలే నిలువునా ముంచేసింది. కోప్పడదామంటే పసిది, దానికేం తెలుసు పాపం.

"తాతయ్యా, పెట్టెలో నీ తుకాపికి ఊపిరాడుతుందా?"

నాయనమ్మ నవ్వాపుకోలేకపోయింది. "తుపాకి అనవే అంటే దీనికి నోరు తిరగదమ్మా."

ఎస్సై రాస్తున్న కలం ఆగింది. "ఇంకోసారి అనమ్మా."

"తుకాపి."

ఎస్సై గబుక్కున ఫైల్లోకి తల దించుకుంది. మళ్ళీ ఎత్తేసరికి మొహం గంభీరంగానే ఉంది.

"గడియారం మీద కుదరదండీ. తాళంచెవి మీ ఒంటి మీదే ఉండాలి, పడుకున్నా సరే. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో. తూటాల పెట్టెకి సోమవారం దాకా గడువిస్తున్నాను. ఈలోపు వాటిని బ్యాంకు లాకర్లో పెట్టించండి."

"ఇప్పుడే పెట్టిస్తానమ్మా."

నాయనమ్మ ఆయన డ్యూటీ విజిల్ తాడు తెచ్చి, దానికి తాళంచెవి కట్టి మెడలో వేసింది. ఎడంగా నిలబడి చూసి, "ఇప్పుడు అచ్చం డ్రిల్లు మాస్టారిలా ఉన్నారు," అంది.

ఎస్సై నవ్వి సంతకం పెట్టింది. "మీ లైసెన్సుకు ఢోకా లేదండీ."

తాతయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటే పాత కోపమూ లేచొచ్చింది.

"అమ్మా, ఆ రాసినవాడెవడో చెప్పు. పేరొద్దు. టైలరు అవునో కాదో తల ఊపు, చాలు."

"చెప్పకూడదండీ. అయినా రాసింది మీ మంచికే కదా."

"ఏం మంచి! చదువూ సంధ్యా లేని మనిషి చేసే పని."

"చదువు మాట నిజమే," అంది ఎస్సై. "అక్షరదోషం ఒకటుంది."

మిగిలిన నీళ్ళు తాగుదామని ఆవిడ గ్లాసు ఎత్తింది. ఫ్యాను గాలికి కాగితాలన్నీ లేచాయి. ఎస్సై కొన్ని పట్టుకుంది, నాయనమ్మ కొన్ని పట్టుకుంది, పసివాడు ఒకదాన్ని నోట్లో పెట్టుకున్నాడు. తాతయ్య కాళ్ళ దగ్గర ఒకటి వాలింది. తీసి ఇవ్వబోతూ అలవాటుకొద్దీ కళ్ళజోడు సర్దుకున్నాడు.

"పోలీసు మేడం గారికి, మా తాతయ్య చాలా మంచివాడు, కానీ ఆయన తుకాపి మంచం కింద ఉంటుంది, మా తమ్ముడికి పాకడం వచ్చేసింది."