జంక్షన్‌లో ఫ్లెక్సీ

“నేనింక బడికెళ్ళనమ్మా.”

అయిదో తరగతి చదివే సుస్మిత బ్యాగు గడపలోనే పడేసి మంచమ్మీద బోర్లా పడుకుంది. ఎంత బతిమాలినా మొహం తిప్పలేదు.

“జంక్షన్‌లో నా ఫ్లెక్సీ కట్టారు. ఆటోలో అందరూ చదివి నవ్వారు,” అంది చివరికి, దిండులోంచే.

జ్యోతిర్మయి చెప్పులైనా వేసుకోకుండా హనుమాన్ జంక్షన్‌ సెంటర్‌కి నడిచింది. ఉంది. భర్త గోపీనాథ్ బట్టల కొట్టు ఎదురుగా, స్తంభానికి బిగించి మరీ ఉంది. పట్టులంగాలో కూతురు, చుట్టూ గులాబీలు, కింద ఇంతలేసి అక్షరాలు: ‘పెద్దమనిషి కాబోతున్న మా చిన్నారి సుస్మిత ఓణీల వేడుకకు విచ్చేసి ఆశీర్వదించండి.’

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మొన్ననే పిల్ల మొటిమలు చూసుకుని, ఛాతీలో నొప్పంటూ బెంబేలెత్తిపోతే విజయవాడలో డాక్టరమ్మకి చూపించింది. ఈ వయసుకి మామూలేనమ్మా, నెమ్మదిగా చెప్పండి అందావిడ. బస్సులో చెవి దగ్గర గుసగుసగా అన్నీ చెప్పి, ఇది మనింట్లో మాటేనని పిల్లకి మాటిచ్చింది. కన్నతండ్రి కదా అని ఆయనొక్కడికే చెప్పింది. ఆ మహానుభావుడు రోడ్డెక్కించాడు.

“ఏమండీ, అది తీయించండి.”

గోపీనాథ్ చీర మడతపెడుతూ తలెత్తాడు. “ఎందుకూ? శుభమే కదా.”

“పిల్ల ఏడుస్తోందండీ. దాని ఒంట్లో సంగతి ఊరందరికీ ఎందుకు?”

“ఒళ్ళన్నాక సవాలక్ష ఉంటాయి. సిగ్గుపడేదేముంది అందులో? నలుగురికీ చెప్పుకుంటేనే ఆశీర్వాదం. ఫంక్షనయ్యేదాకా తీసేది లేదు.”

“ఒంటి సంగతికి సిగ్గుపడక్కర్లేదంటారు.”

“అక్కర్లేదంటే అక్కర్లేదు.”

“సరేనండీ,” అంది జ్యోతిర్మయి. తిన్నగా ఫ్లెక్సీలేసే లాజరు దగ్గరికెళ్ళింది.

ఆమె చెప్పిన మేటర్ విని లాజరు మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. “అమ్మా, సారుకి తెలుసాండీ?”

“ఆయన సలహాయే. అవే గులాబీలు వెయ్యి. ఫొటో మాత్రం ఆయనది, పెద్దగా. పొద్దుటికల్లా పాతది పీకేసి ఇది కట్టెయ్యి.”

మర్నాడు, రానని మొండికేసిన కూతుర్ని చెయ్యి పట్టుకుని సెంటర్‌కి తీసుకొచ్చింది. టీకొట్టు దగ్గర జనం పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆగిన బస్సులోంచి కండక్టరు మెడ సాచి మరీ చదువుతున్నాడు. కొట్టు షట్టరు సగం ఎత్తిన గోపీనాథ్ ఈ గోలేమిటా అని వెనక్కి తిరిగాడు.

కూతురి ఫ్లెక్సీ లేదు. దాని చోట గులాబీల మధ్య తనే, పళ్ళికిలిస్తూ. కింద ఇంతలేసి అక్షరాలు:

‘తిరుపతి వెళ్తున్నానని చెప్పి మొలల ఆపరేషన్ దిగ్విజయంగా చేయించుకొచ్చిన మా శ్రీవారు గోపీనాథ్ గారిని బంధుమిత్రులందరూ విచ్చేసి ఆశీర్వదించండి.’