అన్నయ్య రిపోర్టు

“నన్ను ఆస్పత్రి గేటు దగ్గర దింపేసి వెళ్ళిపో. లోపలికి మాత్రం రాకు,” అన్నాడు అన్న, స్కూటరు ఎక్కకముందే.

“బాగుంది! నిన్ను ఒంటరిగా వదిలేసొస్తే అమ్మ నన్ను మళ్ళీ కొట్లో అడుగు పెట్టనిస్తుందా?” అన్నాడు తమ్ముడు.

వాళ్ళది బేకరీ. నాన్న పెట్టింది. నలభై నిండకుండానే ఆయన పొయ్యి ముందు నిలబడి, గుండె పట్టుకుని కూలిపోయాడు. రక్తంలో కొవ్వు పేరుకుపోయే గుణం ఆయనకి పుట్టుకతోనే ఉందనీ, అది పిల్లలకి వచ్చినా రావచ్చు, రాకపోయినా పోవచ్చు అనీ డాక్టర్లు తర్వాత చెప్పారు. వచ్చిందో లేదో ఇప్పుడు ఉమ్ము పరీక్షతో తెలిసిపోతుందట. ముందుగా తెలిస్తే మందులతో గండం గడుస్తుందట.

అన్న ముందుచూపున్న మనిషి. వెళ్ళి బుద్ధిగా గొట్టంలో ఉమ్మి వచ్చాడు.

తమ్ముడు ససేమిరా అన్నాడు. “తెలియనంతకాలం నాకేం లేనట్టే. నీ సంగతి నువ్వు తెలుసుకో. నా సంగతి మాత్రం నా చెవిన పడకూడదు. ఒట్టెయ్,” అన్నాడు. అన్న ఒట్టేశాడు. ఇక ఆ రోజు నుంచీ తమ్ముడు, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, కోసి పారేయాల్సిన కేకు అంచులన్నీ నిశ్చింతగా నోట్లో వేసుకుంటున్నాడు.

అన్నంటే వాడికి ప్రాణం, అది వేరే సంగతి. “ముందు పుట్టినవాడు ముందు పుట్టినవాడేరా. పేరు పెట్టి పిలవకు, అన్నయ్యా అను,” అని వాళ్ళమ్మ మాటలు వచ్చేనాటికే నేర్పింది. అప్పట్నుంచీ అన్నయ్యే. కొట్లో గల్లాపెట్టె అన్నది, పొయ్యి తమ్ముడిది. అన్న ఒప్పుకున్న ఆర్డరు గురించి తమ్ముణ్ణి పట్టుకుని నిలదీసే ఖాతాదారులు రోజుకొకరైనా ఉంటారు. వాడు కిక్కురుమనకుండా తిట్లు తిని, అన్న మాట నిలబెడతాడు.

ఇవాళ అన్న పరీక్ష ఫలితం చెప్పే రోజు. ఆస్పత్రిలో రిసెప్షన్ అమ్మాయి ఇద్దర్నీ చూసి, “మీలో పేషెంటు ఎవరండీ?” అంది.

తమ్ముడు చటుక్కున అన్న వైపు వేలు చూపించాడు.

అన్న లోపలికి వెళ్ళాడు. తమ్ముడు బయట బెంచీ మీద కూర్చున్నాడే గానీ, మనసు కూర్చోలేదు. రావద్దన్నాడంటే ఏదో చెడ్డ కబురు ఉందన్నమాట. నా ముందు ఏడవడానికి మొహమాటపడుతున్నాడు, పిచ్చి సన్నాసి. ఇలా అనుకుని, తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ తలెత్తి చూసింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. “తమ్ముణ్ణి తీసుకురానన్నారు కదండీ?”

“రావద్దనే మొత్తుకున్నానండీ. ఒరే, నీకు దండం పెడతాను, బయటికి పోరా!”

“పోను. చావో రేవో నీ పక్కనే ఉంటా. చెప్పండి డాక్టరు గారూ, మా అన్నయ్యకి నాన్న గుణం వచ్చిందా?”

డాక్టరమ్మ అన్న వైపు చూసింది. అన్న నుదురు పట్టుకుని, “ఇంకేం చేస్తాం. నా మటుకు నాది చెప్పేయండి,” అన్నాడు.

“వచ్చింది.”

తమ్ముడు అన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, నిజంగానే తిరిగాయి.

“భయపడాల్సిందేం లేదు,” అంది డాక్టరమ్మ. “రోజూ ఒక మాత్ర, రోజూ నడక. వెన్న, వేపుళ్ళు బాగా తగ్గించాలి. ఏడాదికోసారి గుండె పరీక్ష. ఇప్పుడే మొదలుపెడితే నిక్షేపంగా మనవల పెళ్ళిళ్ళు కూడా చేయొచ్చు. నిర్లక్ష్యం చేస్తేనే ముప్పు.” చెబుతున్నంతసేపూ ఆవిడ చూపు తమ్ముడి మీదే ఉంది.

తమ్ముడు తేరుకున్నాడు. తేరుకోగానే ఉచిత సలహాలు మొదలయ్యాయి.

“విన్నావుగా? రేపట్నుంచి పొద్దున్నే నడక. నీ వెనకే నేను స్కూటరు మీద వస్తా, బెంగపడకు. వెన్న డబ్బా వైపు చూశావో, ఊరుకునేది లేదు. మాత్ర మింగావో లేదో నాలుక చాపించి మరీ చూస్తా. మన నాన్నలాగా నువ్వు కూడా పోతానంటే కుదరదు.”

అన్న దిగులుగా రిపోర్టు కాగితాన్ని మడతలు పెట్టసాగాడు. అది చూసి తమ్ముడు ఎలాగైనా నవ్వించాలనుకున్నాడు.

“నీ వంతు కేకులు కూడా నేనే తినిపెడతాలే. ఈమాత్రం త్యాగం చెయ్యకపోతే తోడబుట్టి ఏం లాభం?” అంటూ జేబులోంచి వెన్న బిస్కెట్ల పొట్లం తీసి, ఒకటి నోట్లో వేసుకున్నాడు.

అన్న ముఖం జేవురించింది. “ఉమ్మెయ్.”

“ఏంటీ?”

“ఉమ్మెయ్‌రా అది!”

“జబ్బు నీకైతే పథ్యం నాకా? ఇదెక్కడి న్యాయం?” అని తమ్ముడు రెండోది కూడా తీశాడు.

అన్న ఇక ఒట్టు తీసి గట్టు మీద పెట్టేసి, పొట్లం లాక్కుని, వాడి భుజాలు పట్టి ఊపేస్తూ అరిచాడు: “ఘడియ ముందు పుట్టినంత మాత్రాన నీకు అన్నయ్యనై కూర్చున్నాను గానీ, ఒకే పిండం రెండుగా చీలి పుట్టిన కవలలంరా మనం, ఆ రిపోర్టు నీది కూడా!”